బజానా ఇద్దరినీ కట్టిపడేయాలి

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చీఫ్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ



మా తెలుగునాట పొలమో స్థలమో బేరం కుదిరిందంటే ముందు కొంత సొమ్ము చేతులు మారుతుంది. కోస్తాలో దాన్ని బజానా అంటారు, తెలంగాణలో బయానా అంటారు, పాత తరం వాళ్లు సంచకరువు అనేవారు. పేరేదైనా దానికో ధర్మం ఉంది. సొమ్ము ఇచ్చిన రోజే కాగితం మీద హద్దులు, ధర, రిజిస్ట్రేషన్ గడువు ఎక్కుతాయి. కొనేవాడు వెనక్కి తగ్గితే బజానా వదులుకోవాలి. అమ్మేవాడు మాట తప్పితే తీసుకున్నదానికి రెట్టింపు కట్టాలన్న షరతు కూడా చాలా కాగితాల్లో ఉంటుంది. ఒకే సొమ్ము ఇద్దరినీ కట్టిపడేస్తుంది కాబట్టే ఆ కాగితానికి పెద్దమనుషుల దగ్గర విలువ. కొత్త కారు కోసం షోరూంలో కట్టే బుకింగ్ అమౌంట్ కూడా పుట్టుకతో బజానాయే. కాకపోతే అక్కడ తాడు కొనేవాడి కాలికే పడుతుంది, అమ్మేవాడు విడిగా తిరుగుతాడు. దీన్ని సరిదిద్దే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీ సంస్థకు ఇచ్చింది. ఆ అధికారంతో కారు బుకింగులకు దేశమంతటా వర్తించే మార్గదర్శకాలు తేవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఆ బుకింగ్ ఫారాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. ముందు పేజీలో కస్టమర్ పేరు, చిరునామా, పాన్ నంబరు, మోడల్, వేరియంట్, రంగు, కట్టిన సొమ్ము ఉంటాయి. సేల్స్ ఎగ్జిక్యూటివ్ మాటల మధ్యలోనే ఒక మూల ఎక్స్‌షోరూం ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఫాస్టాగ్, హ్యాండ్లింగ్ అంటూ వరసగా అంకెలు వేసి, కింద గీత గీసి, ‘ఆన్‌రోడ్’ అని రాసి చుట్టూ సున్నా చుడతారు. బేరమంతా ఆ సున్నాలో ఖాయమైపోయిందని కొనేవారు అనుకుంటారు. డెలివరీ అన్న చోట ‘6 నుంచి 8 వారాలు’ అని ఉంటుంది, లేదంటే ఉత్త గీత ఉంటుంది. కాగితం తిప్పితే చీమల బారు లాంటి ఇంగ్లీషు అక్షరాలు. డెలివరీ రోజున అమల్లో ఉన్న ధరే వర్తిస్తుంది. డెలివరీ తేదీ అంచనా మాత్రమే, ఆలస్యానికి డీలరు బాధ్యుడు కాడు. ముందుగా చెప్పకుండా ధర, స్పెసిఫికేషన్లు మార్చే హక్కు కంపెనీకి ఉంది. కట్టిన సొమ్ముకు వడ్డీ ఉండదు. రద్దు చేసుకుంటే ఇంత కోత పడుతుంది, లేదా మొత్తం పోతుంది. వివాదమొస్తే ఫలానా నగరంలోని కోర్టులోనే తేల్చుకోవాలి. అన్ని ఫారాల్లోనూ ఇవన్నీ ఉండవు. అడగ్గానే పైసా తగ్గకుండా తిరిగిచ్చే డీలర్లూ ఉన్నారు. అయితే అది వారి మంచితనం, కొనేవారికి రాసిపెట్టిన హక్కేమీ కాదు. పైగా ఈ కాగితం సంతకానికి ముందుకొచ్చేసరికి సొమ్ము యూపీఐలో ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది.

ఇంతకీ అమ్మేవాడు ఏమి ఒప్పుకున్నాడని ఆ ఫారంలో వెతికితే దొరికేది చాలా తక్కువ. ధరకు కట్టుబడలేదు, తేదీకి కట్టుబడలేదు, ఇచ్చే బండి ఏ నెల తయారీదో చెప్పలేదు. బిస్కెట్ ప్యాకెట్ మీద గరిష్ఠ ధర, తయారీ నెల ముద్రించకపోతే తూనికలు కొలతల శాఖ కేసు పెడుతుంది. పది లక్షల కారుకు ఇచ్చిన రసీదు మీద ఆ రెండూ లేకపోయినా అడిగే నాథుడు లేడు. మా ఇళ్లలో ఆషాఢం, మూఢం వెళ్లేదాకా ఆగి, శ్రావణంలోనో దసరాకో బండి ఇంటికి రావాలని ముందుగానే బుక్ చేస్తారు. ముహూర్తం దాటితే మనసు చివుక్కుమంటుంది, క్యాలెండరు మారితే జేబుకు చిల్లు పడుతుంది. అక్టోబరులో బుక్ చేసిన కారు జనవరిలో చేతికొచ్చి, అది పోయిన ఏడాది తయారీదైతే, రేపు అమ్ముకునేనాడు బండి వయసులో ఒక ఏడాది ఊరికే కలుస్తుంది. తెలంగాణలో 2024 నవంబరు నాటి ఈవీ విధానం ప్రకారం విద్యుత్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకే. అక్కడ లెక్కలోకి వచ్చేది బండి రిజిస్టరైన రోజు, బుక్ చేసిన రోజుకు విలువ లేదు. డెలివరీ ఒక్క వారం జరిగి గడువు దాటితే ఆ పన్ను భారమంతా కొనేవారి నెత్తిన పడుతుంది, వెనక పేజీలోని ‘అంచనా మాత్రమే’ అన్న రెండు మాటల పుణ్యమా అని.

బుకింగ్ సొమ్ము చిన్నదే కదా అని తీసిపారేయవచ్చు. ఒక్కొక్కరి దగ్గర చిన్నదే. మహీంద్రా కంపెనీ 2022 జూలై 30న స్కార్పియో-ఎన్ బుకింగులు తెరిస్తే అరగంటలో లక్ష వచ్చాయి. 2024 అక్టోబరు 3న థార్ రాక్స్‌కు మొదటి గంటలో 1,76,218 వచ్చాయని ఆ కంపెనీయే ప్రకటించింది. బుకింగ్ అమౌంట్ 21,000 రూపాయలు. గుణించి చూస్తే ఆ ఒక్క గంట విలువ 370 కోట్లు. ఆ కంపెనీని తప్పుపట్టడానికి ఈ లెక్క వేయలేదు, చినుకు చినుకూ కలిస్తే ఎంత ఏరవుతుందో చూపడానికే వేశాను. వెయిటింగ్ ఆరు నెలలు, ఏడాది నడిచే మోడల్‌లో ఇది అంతకాలమూ అమ్మేవారి వైపు వడ్డీ లేని అప్పుగా ఉంటుంది. కంపెనీ చట్టానికి ఈ సంగతి తెలుసు. సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లోగా ఆ సరుకుకు జమ కట్టకపోతే అది డిపాజిట్ కిందికి వస్తుందని 2014 డిపాజిట్ల నిబంధనలు చెబుతున్నాయి. ఏడాది దాటిన సొమ్మును డిపాజిట్‌గా చూసే చట్టం, పదకొండు నెలలు ఉంచుకున్న సొమ్ముకు పైసా వడ్డీ అడగదు. పైగా ఎదురుచూసి విసిగి రద్దు చేసుకున్నవాడికే కోత పడుతుంది.

ఎంత సొమ్మన్నదాని కంటే అది ఎవరి చేతిలో, ఏ హోదాలో ఉందన్నది పెద్ద ప్రశ్న. బుకింగ్ నాటికి చాలాసార్లు మన కారు ఇంకా పుట్టనే లేదు, దానికి ఛాసిస్ నంబరు లేదు. ఏ బండో తేలనిదే దాని మీద యాజమాన్యం కొనేవాడికి రాదన్నది 1930 వస్తు విక్రయ చట్టం సూత్రం. షోరూంలో మెరిసే బండ్లు సాధారణంగా బ్యాంకు ఇచ్చిన అప్పు మీద నిలబడ్డవి, ముందు హక్కు బ్యాంకుది. డీలరు మునిగితే బుకింగ్ కట్టినవాడు తాకట్టేమీ లేని రుణదాతల వరసలో వెనకెక్కడో నిలబడాలి. సరుకుకు అడ్వాన్సు ఇచ్చినవారినీ ఆపరేషనల్ రుణదాతలుగా, అంటే సరుకులు, సేవల లావాదేవీల్లో బాకీ రావాల్సినవారిగా, చూడవచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, దివాలా స్మృతి కింద దరఖాస్తుకు కనీస బకాయి కోటి రూపాయలు. 21 వేలు కట్టినవాడికి ఆ గడప అందదు. పోనీ కంపెనీని అడుగుదామంటే, డీలరు మా దగ్గర సరుకు కొని అమ్ముకునే స్వతంత్ర వ్యాపారి అంటుంది. ఆ మాటకు న్యాయబలం కూడా ఉంది. కొత్త కారుకు డబ్బు కట్టించుకుని వాడిన పాత మోడల్ కారు అంటగట్టారన్న గోవా వ్యవహారంలో, కంపెనీకి తెలిసే జరిగిందన్న రుజువు లేనప్పుడు డీలరు తప్పును దాని మీద వేయలేమని 2021 ఫిబ్రవరిలో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2017లో జనరల్ మోటార్స్ మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. కంపెనీయే మూటాముల్లె సర్దుకునే చోట దాన్ని నమ్ముకున్న డీలరు ఎంతకాలం నిలుస్తాడో ఎవరు చెప్పగలరు? టీవీలో ప్రకటన కంపెనీది, షోరూం మీద బోర్డు కంపెనీది, చేతికొచ్చే రసీదు మాత్రం డీలరుది.

చట్టం ఈ విషయంలో నోరు మూసుకుని లేదు. ఒప్పందంలో ఎంత జరిమానా రాసుకున్నా దక్కేది సహేతుకమైన పరిహారమేనని 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. 2015లో కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా విడమరిచింది. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ఒక ప్లాటు కొనుగోలుదారు ధరావతును జప్తు చేసుకుని, అదే ప్లాటును తర్వాత ఎంతో ఎక్కువ ధరకు అమ్ముకుంది. నష్టమే జరగనప్పుడు పరిహారమెక్కడిదని కోర్టు ఆ ధరావతు తిరిగి ఇప్పించింది. వెయిటింగ్ లిస్టు ఉన్న కారుకు ఇదే సూత్రం పెట్టి చూడండి. ఒకరు తప్పుకుంటే బండి వరసలో తర్వాతివారికి పోతుంది, కొన్నిసార్లు పెరిగిన ధరకే పోతుంది. ఇక డీలరు పోగొట్టుకున్నదేమిటి? 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా అన్యాయమైన ఒప్పందాన్ని నిర్వచిస్తూ, మితిమీరిన డిపాజిట్లను, జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానాను, సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందం తెంచుకునే వెసులుబాటును వేలు పెట్టి చూపింది. చిక్కల్లా తలుపు దగ్గరే. సేవాలోపమని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి సొమ్ము రాబట్టుకోవచ్చు. కొనేవారు తామున్న జిల్లాలోనే వేయవచ్చు, 5 లక్షల దాకా ఫీజు కూడా లేదు. కానీ ఫలానా షరతే చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర కమిషన్‌కూ జాతీయ కమిషన్‌కూ మాత్రమే ఉంది. పది వేల కోత కోసం ఆదిలాబాద్ మనిషి హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్ దాకా వ్యవహారం నడపాలి. నడిపి గెలిచినా అది అతని రసీదు వరకే, వెనక పేజీ షరతు మర్నాడు వచ్చే కస్టమరు కోసం చెక్కుచెదరకుండా ఉంటుంది. అందరి తరఫునా ఒక్కసారే అడగడానికే కదా 2020 జూలైలో మీ సంస్థ ఏర్పడింది.

మిగతా రంగాల్లో ఈ పని ఎప్పుడో మొదలైంది. ఫ్లాటు ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోవాలంటే ముందు అమ్మకపు ఒప్పందం రాసి రిజిస్టరు చేయాల్సిందేనని 2016 రెరా చట్టం బిల్డర్లకు కళ్లెం వేసింది. జీవిత, ఆరోగ్య బీమా పాలసీలను నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు. మీరే 2022 జూలై 4న హోటళ్ల సర్వీస్ చార్జీ మీద మార్గదర్శకాలు ఇచ్చారు. హోటళ్ల సంఘాలు కోర్టుకెక్కితే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని నిలబెట్టింది. 2023 నవంబరు 30న ఆన్‌లైన్ కొనుగోలుదారులను మభ్యపెట్టే 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను నిషేధించారు. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువును బుట్టలో వేయడం, ధరను విడతలుగా బయటపెట్టడం ఆ పదమూడులో ఉన్నాయి. ఫోను తెరమీద ‘రెండే మిగిలాయి’ అని అబద్ధం మెరిస్తే తప్పు. మరి షోరూంలో టీ కప్పు అందిస్తూ ‘ఈ రంగులో రెండు బండ్లే ఉన్నాయి సార్, ఇవాళ టోకెన్ వేసేయండి, ఆఫర్ నెలాఖరు వరకే’ అంటే? అడగని యాక్సెసరీస్ ప్యాకేజీ ‘కంపల్సరీ’ అయితే? బుకింగ్‌కు ముందు కనిపించని హ్యాండ్లింగ్ చార్జీ డెలివరీ ముందు బిల్లులో మొలిస్తే? తెర మీద నేరమైన పని టేబుల్ మీద మర్యాద అయిపోకూడదు.

డీలర్ల మాటలో పస లేదని అనను. రద్దుకు వెల లేకపోతే ఒకే మనిషి నాలుగు షోరూముల్లో బుక్ చేసి, ముందొచ్చిన బండి తీసుకుని మిగతా మూడూ వదిలేస్తాడనీ, ఆ ఉత్తుత్తి గిరాకీని నమ్మి బండ్లు తెప్పించుకుంటే బ్యాంకు వడ్డీ తమ మీద పడుతుందనీ వారంటారు. నిజమే, అలాంటివారున్నారు. కానీ నాలుగు చోట్ల టోకెన్ వేయడం ఎందుకు అలవాటైంది? ఎవరూ తేదీకి కట్టుబడరు కాబట్టి. తేదీ రాసిచ్చే షోరూం ఒక్కటి దొరికితే మిగతా మూడు గుమ్మాలు తొక్కే పని ఉండదు. పైగా రద్దు పూర్తిగా ఉచితం కావాలని నేను అడగడం లేదు. ఛాసిస్ నంబరు కేటాయించకముందు తప్పుకుంటే డీలరుకు అయ్యేది కాస్త కాగితం పని. కేటాయించి, రిజిస్ట్రేషన్ పని మొదలుపెట్టాక తప్పుకుంటే నష్టం నిజంగా ఉంటుంది. ఎవరూ అడగని రంగో వేరియంటో ఆ కస్టమరు కోసమే తెప్పించి ఉంటే ఇంకా ఉంటుంది. దాన్నిబట్టి మెట్లు మెట్లుగా కోత పెట్టుకోవచ్చు, అయితే ఆ లెక్క బుకింగ్ రోజే రసీదు మీద ఉండాలి. ‘మీ అడ్వాన్సు మీద జీఎస్టీ కట్టేశాం, అది వెనక్కి రాదు’ అన్న మాట మాత్రం చెల్లదు. సరుకుల అమ్మకానికి తీసుకునే అడ్వాన్సు మీద అప్పటికప్పుడు జీఎస్టీ కట్టే అవసరం 2017 నవంబరులోనే తీసేశారు.

ఇక ధర సంగతి. ఉక్కు ధర పెరుగుతుంది, పన్నులు మారతాయి, కంపెనీ రేట్లు సవరిస్తుంది, మా చేతిలో ఏముందని అడుగుతారు. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి. పన్ను పెరిగితే కొనేవాడు భరించడం, తగ్గితే ఆ తగ్గింపు కొనేవాడికే దక్కడం వస్తు విక్రయ చట్టం 64ఏ సెక్షన్ చెప్పే సూత్రం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద 28 శాతం జీఎస్టీ, ఆపైన సెస్సు పోయి 18 శాతం వచ్చినప్పుడు ‘డెలివరీ నాటి ధర’ అన్న షరతు కొనేవారికే కలిసొచ్చింది. కాబట్టి పన్ను ఎటు మారినా డెలివరీ నాటి లెక్కే ఉండనివ్వండి. కంపెనీ తనంతట తాను పెంచే ధర వేరు. రాసిచ్చిన తేదీ రాకముందే పెంచితే, ఒప్పుకోవాలో పైసా కోత లేకుండా తప్పుకోవాలో కొనేవారు తేల్చుకోవాలి. తేదీ దాటాక పెంచితే ఆ భారం ఆలస్యం చేసినవారే మోయాలి. ‘చదివి సంతకం పెట్టాల్సింది, ఎవరు బలవంతం చేశారు’ అనేవారికి ఒక్క ప్రశ్న. ఏ షోరూంలో అయినా కస్టమరు పెన్ను తీసుకుని వెనక పేజీలో ఒక షరతు కొట్టేస్తే ఆ ఫారం తీసుకుంటారా? దిద్దే వీలు లేని కాగితాన్ని ఇద్దరి ఒప్పందం అనలేం. డీలరు స్వతంత్రుడన్న కంపెనీల మాటా అంతే. షోరూం ఎలా కనిపించాలో, సిబ్బంది ఎలా పలకరించాలో కంపెనీ నిర్ణయిస్తుంది. డీలర్లు ఇచ్చే డిస్కౌంట్లను కట్టడి చేసిందంటూ 2021 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ మారుతీ సుజుకీకి 200 కోట్ల జరిమానా వేసింది, కంపెనీ అప్పీలుకు వెళ్లింది. అప్పీలు సంగతి ఎలా ఉన్నా, కంపెనీకీ డీలరుకూ మధ్య ఉన్నది మామూలు కొనుగోలు అమ్మకాల బంధం కాదని ఆ వ్యవహారమే చెబుతోంది.

కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం 18వ సెక్షన్ కింద మీరు ఇచ్చే మార్గదర్శకాల్లో ఇవి ఉండాలని కోరుతున్నాను. సొమ్ము తీసుకోకముందే షరతుల కాగితం కొనేవారి భాషలో చేతికివ్వాలి. రసీదు మీద వేరియంట్, రంగు, తయారీ ఏడాది, విడివిడిగా ధరల పట్టిక, డెలివరీ ఆఖరు తేదీ ఉండాలి. ఆ తేదీ ఇవ్వలేని మోడల్‌కు నామమాత్రపు టోకెన్‌కు మించి తీసుకోకూడదు, దాన్ని ఎప్పుడడిగినా పూర్తిగా తిరిగివ్వాలి. తేదీ దాటితే కోత లేకుండా, వడ్డీతో సహా వెనక్కి తీసుకునే హక్కు ఉండాలి. ఛాసిస్ నంబరు కేటాయించాక రద్దు చేసుకుంటే పడే కోతకు గరిష్ఠ పరిమితి ఉండాలి, వసూలు చేసినది నిజంగా అయిన ఖర్చని డీలరే చూపాలి. తిరిగిచ్చే సొమ్ము ఇన్ని పనిదినాల్లో, వచ్చిన ఖాతాకే చేరాలని గడువు పెట్టాలి. ఇన్సూరెన్స్, యాక్సెసరీస్, వారంటీ తీసుకోకపోతే బండి ఇచ్చేది లేదనడం నిషిద్ధమని రాయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, తన పేరు మీద తీసుకున్న ప్రతి బుకింగ్‌కూ కంపెనీ తన వ్యవస్థలో నంబరు ఇవ్వాలి, డీలరు చేతులెత్తేస్తే ఆ సొమ్ముకు తానే పూచీ పడాలి. నిజాయితీగా వ్యాపారం చేసే డీలరుకు వీటిలో ఏదీ కొత్త భారం కాదు. తేదీ తప్పినా, మాట మార్చినా నష్టం లేని పోటీదారుతో ఇవాళ అతను తలపడుతున్నాడు, ఆ పోటీ కాస్త సమానమవుతుంది.

దసరా దగ్గరపడితే షోరూముల ముందు బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ల మీద కుంకుమ బొట్లు కనిపిస్తాయి. మధ్యతరగతి ఇంటికి ఇల్లు తర్వాత అంత పెద్ద కొనుగోలు మరొకటి ఉండదు. ఆ కొనుగోలు మొదలయ్యేది ఒక చిన్న కాగితంతో. పొలం బేరంలో ఊరి పెద్దలు వందల ఏళ్లుగా పాటిస్తున్న మర్యాద ఆ కాగితానికీ దక్కాలి. ఇచ్చిన మాటలన్నీ ముందు పేజీలోనే, చదవగలిగే అక్షరాల్లో, ఇద్దరినీ కట్టేలా రాసి ఉండాలి. వెనక పేజీని ఖాళీగా వదిలేయించండి చాలు.

భవదీయుడు,
ఒక తెలుగు వినియోగదారుడు